కష్టకాలంలో నిరీక్షణ నిలుపుకోవడం ఎలా

"విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ" అని మూడింటినీ కలిపి చెప్పిన మాట మన సంఘాలలో చిన్న పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆదివారపు బడిలో వల్లెవేసి అలవాటైపోయినందువల్లనేమో, మధ్యలో ఉన్న మాటకు అర్థమేమిటని ఆగి ఆలోచించేవారు తక్కువ. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ఆశ అని వ్రాయలేదు. నిరీక్షణ అని వ్రాశారు, అంటే ఎదురుచూడడం. ఆశ మనసులో కలిగే భావం కనుక పొద్దున ఉండి సాయంత్రానికి కరిగిపోవచ్చు. ఎదురుచూడడం మనిషి చేసే పని కనుక మనసు బాగున్న రోజూ చేయవచ్చు, బాగులేని రోజూ చేయవచ్చు. కష్టంలో ఉన్నవారు "నాకు ఏ ఆశా కలగడం లేదు, నా విశ్వాసం చచ్చిపోయింది" అని కుమిలిపోవడం నేను చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నా గురించి నేనూ అలాగే అనుకున్నాను. ఎదురుచూసే ఆ పనిని రోజువారీగా ఎలా చేయాలో, గోదావరి లంకల్లోనూ కాలువగట్ల మీదా బ్రతికే మనవారికి అందేలా చెప్పాలని ఇది వ్రాస్తున్నాను.

సఖినేటిపల్లి రేవులో, ఏరు దాటించి నరసాపురం చేర్చే పంటు పడవ కోసం నిలబడినవారికి ఎదురుచూడడమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. మా నాన్నగారు అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం, చేతిలో అన్నం క్యారేజీ పట్టుకుని నేను ఆ రేవులో నిలబడ్డాను. పంటు అవతల ఉంది, మధ్యలో వశిష్ఠ గోదావరి, పైన చీకటి పడుతోంది. ఒకామె చేపల తట్ట దింపి నీళ్లలో కాళ్లు కడుక్కుంది. ఒక కుర్రవాడు మోటారు సైకిలుకు స్టాండు వేసి దాని మీదే కూర్చున్నాడు. ఎవరూ ఏటిలోకి దిగలేదు, ఎవరూ ఇంటికి తిరిగిపోలేదు. అవతల దీపం కదిలిందని ఎవరో అనగానే, పంటు ఇంకా సగం దూరమైనా రాకముందే, అందరూ సామాను చేతిలోకి తీసుకున్నారు. అది వస్తుందని వారికి తెలుసు, ఎందుకంటే నిన్న వచ్చింది, మొన్న వచ్చింది. క్రైస్తవుని నిరీక్షణకు ఆధారం కూడా అలాగే జరిగిపోయిన సంగతిలో ఉంది. యేసుక్రీస్తు మృతులలోనుండి లేచినందువల్ల మనకు జీవముతో కూడిన నిరీక్షణ కలిగిందని పేతురు తన మొదటి పత్రిక ఆరంభంలోనే వ్రాశాడు. రేపు నా పరిస్థితి బాగుపడుతుందా లేదా అన్నది నాకు తెలియకపోయినా, సమాధి ఖాళీ అయిందన్నది తెలుసు. నేను నిలబడిన రేవు అది.

ఉన్నది ఉన్నట్టు దేవునికి చెప్పడం

కష్టం వచ్చినప్పుడు మనలో చాలామంది మొదట చేసేది దాన్ని దాచడం. మందిరం గుమ్మం దగ్గర "ఎలా ఉన్నారమ్మా" అని అడిగితే "దేవుని కృప వలన బాగున్నామండి" అనే జవాబు మన నోట సిద్ధంగా ఉంటుంది. మనుషుల దగ్గర ఆ జవాబు మర్యాద కావచ్చు గాని, అదే జవాబును ప్రార్థనలో దేవునికి కూడా చెప్పడం మొదలుపెడితే ఆ ప్రార్థనలో మనం ఉండము. అందువల్ల మొట్టమొదట చేయవలసిన పని మొరపెట్టడం.

దానికి మాదిరి కావాలంటే 13వ కీర్తన తీయండి. ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అని నాలుగు సార్లు అడుగుతాడు. నన్ను మరచిపోయావా అని నేరుగా దేవునినే నిలదీస్తాడు. తర్వాత తనకు ఏమి కావాలో అడుగుతాడు. చివరి రెండు వచనాల్లోనే నమ్మకం గురించి మాట్లాడతాడు. మనం ఈ వరుసను తిరగవేసి, నమ్మకాన్ని ముందుకు తెచ్చి, మొరను మింగేస్తాం. ఒక వారం పాటు రోజుకొకసారి ఈ కీర్తనను పైకి చదివి, "ఎన్నాళ్లు" అన్న చోట ఆగి, అక్కడ మీ సొంత సంగతిని చేర్చండి: ఈ అప్పు ఎన్నాళ్లు, ఈయన తాగుడు ఎన్నాళ్లు, ఈ నొప్పి ఎన్నాళ్లు. చివరి రెండు వచనాలు ఆ రోజు మీ నోట రాకపోతే బలవంతం చేయకండి. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు వచనం ఒక్కటీ లేకుండా. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. అలాంటి ప్రార్థన కూడా దేవుడు వినే ప్రార్థనేనని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఇంకొక్క మాట. మన సంఘాల్లో ప్రార్థన అంటే గ్రాంథికంలో చేయాలన్న అలవాటు ఉంది. "మిక్కిలి కృపగల మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి, "అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ" అని ముగించేవరకు పుస్తకపు భాషే నడుస్తుంది. కూడికలో పదిమంది తరఫున ప్రార్థించేవారికి అది అందమే. మీ గదిలో, మరుగు ప్రార్థనలో మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. "నా వల్ల కావట్లేదు నాన్నా" అన్న నాలుగు మాటలు, అరగంట గ్రాంథికం కంటే నిజమైన ప్రార్థన కావచ్చు.

తిండి, నిద్ర, వైద్యం

ఏలీయా కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన తర్వాత, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని, ప్రాణం తీసుకో ప్రభువా అని అడిగాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో దేవుడు ఇచ్చిన జవాబును జాగ్రత్తగా చదవండి. ప్రసంగం లేదు, గద్దింపు లేదు. అతన్ని నిద్రపోనిచ్చాడు, దేవదూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి చూపించాడు, తిన్నాక మళ్లీ నిద్రపోనిచ్చాడు, రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు ప్రశ్నలు అడిగింది ఇదంతా అయ్యాకనే.

కనుక గట్టి దెబ్బ తిన్న మొదటి రోజుల్లో ఆత్మీయ సాధనలు పెంచుకోవడం కంటే పొద్దునే గిన్నెడు చద్దన్నమో గంజో తాగడం, రాత్రి పదింటికి దీపం ఆర్పి పడుకోవడం ముఖ్యం. ఉపవాస ప్రార్థన మంచిదే, కాని అప్పటికే నాలుగు రోజులుగా ముద్ద దిగని మనిషిని శుక్రవారం ఉపవాసం ఉండమనడం దయ కాదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసం చేయకూడదు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, ఆకలి లేక, ఏ పనీ చేయబుద్ధి కాక, లేదా చచ్చిపోతే బాగుండునన్న తలంపు పదే పదే వస్తూ ఉంటే, అది మీ విశ్వాసపు కొరత అని మీకు మీరు తీర్పు తీర్చుకోకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యునికి చెప్పండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు బలంగా ఉన్న రాత్రి ఒంటరిగా ఉండవద్దు, పురుగుమందు ఇంట్లో ఉంటే వెంటనే ఎవరి చేతికైనా ఇచ్చి పంపేయండి, పక్కింటి తలుపు తట్టండి. ఇంట్లో దెబ్బలు తింటున్న అక్కచెల్లెళ్లకు 181 మహిళా సహాయ నంబరు ఉంది. ఓర్చుకోమని చెప్పే వాక్యాలను చూపించి మిమ్మల్ని ఆ దెబ్బల మధ్యకు తిరిగి పంపే హక్కు ఏ పెద్దకూ లేదు.

రక్తపోటుకో మూర్ఛకో వాడుతున్న మందులను ప్రార్థన చేయించుకున్నాం కదా అని ఆపేసినవారిని నేను ఎరుగుదును, దాని ఫలితాన్నీ చూశాను. పౌలు పక్కన చివరివరకు నిలిచిన లూకా వైద్యుడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు అతన్ని "ప్రియుడైన వైద్యుడు" అనే పిలిచాడు. మాత్ర వేసుకుంటూ ప్రార్థించడంలో అవిశ్వాసం ఏమీ లేదు.

వాగ్దానాన్ని దాని చోట చదవడం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డులు పంచడం మన సంఘాల్లో అందరూ ఇష్టపడే ఆనవాయితీ. ఆ కార్డును బైబిల్లోనో బీరువా తలుపుకో పెట్టుకుని ఏడాదంతా చూసుకోవడంలో ఒక ఆదరణ ఉంది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది, ముందూ వెనకా పడవు. ఆ ఒక్క వచనాన్ని జాతకంలా చదివి, ఏడాది చివరికి అది "జరగలేదు" అని విశ్వాసమే వదిలేసినవారు ఉన్నారు.

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనాన్నే తీసుకుందాం. రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా నా ఉద్దేశములున్నవని దేవుడు చెప్పిన ఆ మాట గోడల మీద, క్యాలెండర్ల మీద, ఆటోల వెనక కూడా కనిపిస్తుంది. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోని మాట. దాని ముందు వచనంలో డెబ్బై సంవత్సరాలు గడవాలని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్నవారిలో నడివయసు దాటినవారు తిరుగు ప్రయాణాన్ని కళ్లతో చూడబోరు. మరి అంతవరకు ఏమి చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5వ వచనం నుంచి 7వ వచనం వరకు వివరంగా ఉంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి, నెల నెలా డబ్బు పంపుతూ, పిల్లల గొంతు ఫోనులోనే వినే మన కోనసీమ, నరసాపురం ప్రాంతాల తల్లులకు ఈ ఉత్తరం ఇంకెవరికీ అర్థం కానంతగా అర్థమవుతుంది.

తోట నాటి ఫలం తినమంటే ఎన్నేళ్ల మాటో కొబ్బరి రైతుకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగాయి. తెల్లవారి లేచి చూస్తే తలలు లేని చెట్లూ, దారికి అడ్డంగా పడిన మొద్దులూ తప్ప ఏమీ లేవని మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పడిన మొద్దులను తీయించకముందే, వాటి మధ్య ఖాళీ చూసుకుని గోతులు తవ్వించి, మొక్కలు పెట్టినవారు ఉన్నారు. మన దేశవాళీ పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ వారు తోటలో కూర్చుని ఏడవలేదు. మొక్కల నడుమ అరటి వేశారు, కంద వేశారు, బొండం లేని తోటకు నీళ్లు పెట్టారు. యిర్మీయా ఉత్తరాన్ని నేను ఎప్పుడు చదివినా నా కళ్ల ముందు కనబడేది ఆ గోతులే.

చేయవలసిన పని ఇది: మీకు దొరికిన వాగ్దానం ఉన్న అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. ఆ మాట ఎవరితో, ఎలాంటి సమయంలో చెప్పబడిందో ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ మాటతో పాటు దేవుడు వారిని ఏమి చేయమన్నాడో వెతకండి. చాలా చోట్ల వాగ్దానం పక్కనే ఒక పని ఉంటుంది.

"నా పాపం వల్లేనా" అన్న ప్రశ్న

ఈ ప్రశ్న అడగని బాధితుడు లేడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా అయిందని శిష్యులు అడిగితే, వీడు గాని వీని కన్నవారు గాని కారణం కాదని యేసు చెప్పిన జవాబు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. యోబు స్నేహితులు అతని కష్టానికి కారణం అతని పాపమేనని ఎన్నో అధ్యాయాలు వాదిస్తే, చివరికి దేవుడు కోపించింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. నిజంగా తెలిసి చేసిన తప్పు ఉంటే ఒప్పుకుని సరిచేసుకోవాలి, అది వేరే సంగతి. తెలియని పాపాన్ని వెతికి వెతికి మనసును గాయపరచుకోవడం పశ్చాత్తాపం కాదు. మీ బిడ్డ జబ్బు తగ్గకపోవడానికి మీరు వేసిన కానుక చాలకపోవడమే కారణమని ఎవరైనా బోధిస్తే, ఆ మందిరం నుంచి లేచి రండి. ఆ కానుక డబ్బు బిడ్డ మందులకు పెట్టండి.

అప్పు, నూనె కుండ

మన ప్రాంతంలో కష్టం అనగానే సగం ఇళ్లలో దాని పేరు అప్పు. రొయ్యల చెరువులో తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోవడం, కౌలుకు చేసిన పొలం కోతకు ముందు వర్షానికి పడిపోవడం, ఆసుపత్రి బిల్లు, ఆడపిల్ల పెళ్లి, వీటిలో ఏదో ఒకటి నూటికి ఐదు రూపాయల వడ్డీ వరకు తీసుకుపోతుంది. రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఇదే కష్టంలో ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చింది: భర్త చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆ కథను అద్భుతంగా మాత్రమే చదివి వదిలేస్తాం. దానిలో నడిచిన పద్ధతిని గమనించండి.

ఆమె మొదట దాచకుండా చెప్పింది. ఎలీషా "నీ ఇంట్లో ఏమి ఉంది" అని అడిగాడు. ఆమె "ఏమీ లేదు" అంటూనే, నూనె కుండ ఒకటి ఉందని గుర్తు చేసుకుంది. తర్వాత అతను ఆమెను ఇరుగుపొరుగు దగ్గరకు పంపి వట్టి పాత్రలు అడిగి తెమ్మన్నాడు, తక్కువ తేవద్దని కూడా అన్నాడు. తలుపు మూసుకుని కొడుకులతో కలిసి పోసింది. చివరికి ప్రవక్త ఇచ్చిన సలహా చాలా మామూలుది: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బ్రతకండి.

దీన్ని మన ఇంటికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. ఒక సాయంత్రం భార్యాభర్తలు కలిసి కూర్చుని, ప్రార్థన చేసుకుని, ఎవరెవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటి నుంచి అన్నది పైసలతో సహా ఒక కాగితం మీద వ్రాయండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన అప్పు ఆ రోజే బయటపడనివ్వండి. గొడవ అవుతుంది, అయినా సరే. ఇంట్లో ఏమి ఉందో వ్రాయండి: కుట్టు మిషను, లేసు అల్లే చేతులు, పాడి గేదె, డ్రైవింగు లైసెన్సు, డ్వాక్రా సంఘంలో పొదుపు, ఇవన్నీ నూనె కుండలే. తర్వాత లెక్క తెలిసిన, నోరు జారని ఒకరి దగ్గరకు, సంఘంలో పెద్ద కావచ్చు, బంధువు కావచ్చు, ఆ కాగితం తీసుకుని వెళ్లండి. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చే దారి, డ్వాక్రా సంఘం ద్వారానో బ్యాంకు ద్వారానో తక్కువ వడ్డీకి మార్చుకునే దారి వెతకండి. కొత్త అప్పు చేసి కూడికలు పెట్టించడం, అప్పు చేసి మొక్కు తీర్చడం చేయకండి. కాగితం మీద అంకె పడ్డాక అప్పు తగ్గదు గాని, రాత్రి పూట మనసులో పెరగడం ఆగుతుంది.

ఒంటరిగా ఎదురుచూడకపోవడం

కష్టంలో మనిషి మొదట మానేసేది కూడికకు వెళ్లడం. సిగ్గు ఒక కారణం, అందరూ స్తుతి పాటలు పాడుతుంటే గొంతు పెగలకపోవడం ఇంకో కారణం. వెళ్లి వెనక వరుసలో కూర్చోండి, పాడకపోయినా ఫరవాలేదు. ఆ రోజు మీ బదులు మిగతావారు పాడతారు. మన సంఘాలు పాడే పాత కీర్తనల్లో పల్లవి పదే పదే రావడం వల్ల ఒక మేలుంది: మొదటి చరణంలో కేవలం విన్న మాటను నాలుగో చరణానికి పెదవులు పలకడం మొదలుపెడతాయి.

1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బియర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పనిచేసినప్పటి నుంచి, ప్రతి ఆదివారం రొట్టె విరిచే సంఘాలు ఈ డెల్టాలో ఉన్నాయి. మిగతా సంఘాల్లో నెలకొకసారో, ఇంకో క్రమంలోనో ప్రభువు బల్ల ఉంటుంది. ఎలా ఉన్నా ఆ బల్ల దగ్గర చదివే మాటల్లో ఒకదాన్ని ఈసారి చెవిపెట్టి వినండి: ఆయన వచ్చువరకు. ఆ రొట్టె ముక్క, ఆ రసం ఎదురుచూసేవారి భోజనం. అందువల్ల కష్టంలో ఉన్నవారు, మనసు బాగాలేదని, యోగ్యత లేదని బల్లకు దూరంగా జరగడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది వారికోసమే వేసిన బల్ల.

మరణం జరిగిన ఇంటికి ఈ సంగతి మరీ వర్తిస్తుంది. "ఏడవకూడదు, ప్రభువు దగ్గరకు వెళ్లారు" అని ఓదార్చేవారు మంచి మనసుతోనే అంటారు. థెస్సలొనీకయులకు పౌలు వ్రాసింది నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని. దుఃఖమే వద్దని కాదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఈస్టరు సమయంలో మన ఊళ్లలో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలు ఏడుస్తూనే పాడతాయి. రెండూ ఒకేసారి చేయవచ్చు.

ఒక రూళ్ల పుస్తకం

మా మేనత్తగారు నరసాపురం దగ్గరి ఊళ్లో అరుగు మీద కూర్చుని లేసు అల్లి ఇల్లు నడిపింది. మామయ్య గల్ఫుకు వెళ్లాడు. రెండేళ్లు డబ్బు వచ్చింది, తర్వాత ఉత్తరం కూడా రాలేదు. ఆమె పోయాక పెట్టె తీస్తే బైబిలు కింద ఒక రూళ్ల నోటు పుస్తకం దొరికింది. ఎడమ పేజీలో తేదీ, ప్రార్థన. కుడి పేజీ ఖాళీ. జవాబు వచ్చినప్పుడు కుడి వైపు వ్రాసుకునేది. "బియ్యం. పక్కింటివారు అడగకుండానే పంపారు." "పెద్దదాని పరీక్ష ఫీజు. లేసు డబ్బు వారం ముందే వచ్చింది." ఒక చోట "జ్వరం తగ్గలేదు, డాక్టరు మంచివాడు" అని ఉంది. మామయ్య తిరిగి రావాలన్న ప్రార్థన ప్రతి జనవరి 1వ తేదీన మళ్లీ వ్రాసి ఉంది. ఆ కుడి పేజీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఖాళీ పేజీలున్న అదే పుస్తకంలో ఆమె బియ్యం గురించి కూడా వ్రాయగలిగింది, దాన్ని నేను చాలాకాలం ఆలోచించాను.

అలాంటి పుస్తకం ఒకటి పెట్టుకోండి. రోజుకు రెండు పంక్తులు చాలు. ప్రార్థనను స్పష్టంగా వ్రాయండి. "అందరినీ దీవించు" అని వ్రాస్తే జవాబు వచ్చినా గుర్తుపట్టలేరు. కుడి వైపు వ్రాసేటప్పుడు జరిగినదాన్ని జరిగినట్టే వ్రాయండి, అద్భుతంగా పెంచకండి. నెలకొకసారి మొదటి నుంచి తిరగేయండి. విలాపవాక్యములు 3వ అధ్యాయంలో, పాడైన పట్టణం మధ్య కూర్చున్న మనిషి తనకు ఆశ పుట్టిందని చెప్పిన చోట కారణం కూడా చెప్పాడు: జ్ఞాపకం చేసుకున్నాను అన్నాడు. జ్ఞాపకం నమ్మదగినది కాదు కనుక పుస్తకం కావాలి. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని పౌలు రోమీయులకు వ్రాసిన వరుస ఒక్క రోజులో జరిగేది కాదు; ఏడాది తర్వాత పాత పేజీ తిప్పినప్పుడు మాత్రమే అది కంటికి కనబడుతుంది.

ఇతరుల కష్టంలో మీ వంతు

ఇంతవరకు చెప్పిన వాటిలో ఏదీ చేయలేని స్థితిలో ఉన్నవారు మీ వీధిలోనే ఉండవచ్చు. వారి దగ్గరకు వెళ్లేటప్పుడు వాక్యం సిద్ధం చేసుకోవద్దు. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని, వచ్చిన వెంటనే ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చోవడం. కూర్చోండి. అడిగితేనే ప్రార్థన చేయండి, అదీ క్లుప్తంగా. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనకండి, కష్టంలో ఉన్నవారు చెప్పరు. పిల్లలను బడి దగ్గర దింపుతానని, రేపు ఆసుపత్రికి తోడు వస్తానని ఫలానా పని పేరు పెట్టి చెప్పండి.

ఆదరణ కూడిక అయిపోయి, బంధువులు వెళ్లిపోయి, మూడో నెల వచ్చేసరికి ఆ ఇంటికి ఎవరూ రారు. మీరు అప్పుడు వెళ్లండి. అన్నం, పప్పు, ఒక వేపుడు క్యారేజీలో పెట్టుకుని వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు క్యారేజీ అక్కడే వదిలేసి రండి. దాన్ని తెచ్చుకోవడానికి మళ్లీ వెళ్లాలి కదా.